కంఠమా, ప్రాణమా?
చికిత్సను ఎన్నుకొనే హక్కు – దాని చరిత్ర

మనిషి ఊపిరి పీల్చే దారి, అన్నం మింగే దారి, మాట పుట్టే చోటు – ఈ మూడూ మెడలో బెత్తెడు మేర ఇరుకులో ఇమిడి ఉన్నవి. నోటి వెనుక గాలి, ఆహారం ఒకే దారిన వచ్చి, అక్కడినుండి రెండుగా చీలిపోతాయి. ముందున్న గొట్టం వాయునాళం. వెనుక ఉన్నది అన్నవాహిక. వాయునాళం మొదట కాపలాగదివలె అమరి ఉన్నది స్వరపేటిక. ముద్ద మింగిన ప్రతిసారి అది మూతపడి, ఊపిరితిత్తులలోకి మెతుకు పోకుండా కాస్తుంది. ఊపిరి విడిచే వేళ దానిలోని రెండు స్వరతంత్రులు గాలి తాకిడికి కంపించి, మాటకూ పాటకూ మూలమైన నాదాన్ని పుట్టిస్తాయి.

ఇటువంటి చోట క్యాన్సరు పుట్టినప్పుడు వైద్యానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఉండుకము వాచినప్పుడు దానిని కోసి తీసివేస్తే రోగికి పోయేది ఏమీ లేదు. స్వరపేటికను తీసివేసిన రోగి సంగతి వేరు. అతని వాయునాళాన్ని మెడ ముందు భాగాన ఒక రంధ్రంగా శాశ్వతంగా తెరచి ఉంచవలె. ఇక జీవితాంతం అతడు ఆ రంధ్రం గుండానే ఊపిరి తీయవలె. సహజమైన మాట పోతుంది. ముక్కు గుండా గాలి ఆడదు కనుక వాసన తెలియడం తగ్గుతుంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం కష్టం. చెరువులో మెడలోతు నీటికి దిగడం ప్రమాదం.

కాబట్టి ఈ వ్యాధిలో రెండు ప్రశ్నలు వేరువేరుగా ఉన్నవి. ఏ చికిత్స వల్ల ఎంతమంది బ్రతుకుతారు అనేది మొదటిది. బ్రతికిన బ్రతుకు ఎలా ఉండాలి అనేది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు వైద్యశాస్త్రం చెప్పగలదు. రెండవదానికి జవాబు చెప్పదగినవాడు ఎవరు? రోగి అని నేడు సులభంగా చెప్పవచ్చును. కాని ఆ జవాబు స్థిరపడడానికి నూరేళ్ళకు పైగా పట్టినది.

అద్దంలో కనిపించిన గొంతు

స్వరపేటికలో వచ్చే వ్యాధులను గుర్తించవలెనంటే ముందు దానిని చూడవలె. బ్రతికి ఉన్న మనిషిలో కంపించే స్వరతంత్రులను చూడడానికి దారి చూపినవాడు డాక్టరు కాదు, సంగీతం నేర్పే గురువు. స్పెయిను దేశీయుడైన మాన్యుయెల్ గార్షియా 1854లో ఒక చిన్న అద్దాన్ని కొండనాలుక దగ్గర ఉంచి, ఎండ వెలుగును దానిపై ప్రసరింపజేసి, తన స్వరతంత్రుల కదలికను తానే చూచుకొన్నాడు. మరుసటి ఏడు లండనులోని రాయల్ సొసైటీకి తన పరిశీలనలను సమర్పించాడు. 1857, 1858 సంవత్సరాలలో టుర్క్, జెర్మాక్ అనే ఇద్దరు వైద్యులు ఆ అద్దాన్ని రోగపరీక్షకు వాడుకలోకి తెచ్చారు.

చూడడం సాధ్యమైన తరువాత కోయడం కూడ సాధ్యమైనది. 1873 డిసెంబరు 31వ తేదీన వియన్నా నగరంలో థియొడోర్ బిల్‌రోత్ అనే శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన స్వరపేటికను మొట్టమొదటిసారిగా పూర్తిగా తీసివేశాడు. రోగి 36 ఏండ్ల ఉపాధ్యాయుడు. ఆయన శస్త్రచికిత్సను తట్టుకొన్నాడు. కృత్రిమ స్వరపేటిక ఒకటి అమర్చారు. కాని వ్యాధి తిరగబెట్టి, కొన్ని నెలలలోనే ఆయన మరణించాడు. ఆ తరువాత ఇతర నగరాలలో ఈ చికిత్స పొందినవారిలో అనేకులు కొద్ది వారాలకే న్యుమోనియా వల్ల, పుండు చెడడం వల్ల చనిపోయారు. చికిత్స ఉన్నది, దాని ధర భయంకరం. ఆ కాలంలో యూరపు అంతా చూస్తుండగా ఈ సందిగ్ధం ఒక రాజకుటుంబం ముందుకు వచ్చినది.

యువరాజు వ్యాధి

1887 జనవరిలో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయినది. అప్పటికి ఆయన వయస్సు 55 ఏండ్లు. తండ్రి మొదటి విల్‌హెల్మ్ చక్రవర్తి తొంభయ్యవ పడికి చేరువలో ఉన్నాడు. బెర్లినులోని ప్రొఫెసరు గెర్‌హార్ట్ మార్చి నెలలో అద్దంతో పరీక్షించగా ఎడమ స్వరతంత్రి మీద చిన్న కంతి కనిపించినది. దానిని కాల్చి తొలగించడానికి పలుమార్లు ప్రయత్నించారు. అది మళ్ళీ పెరిగినది. శస్త్రవైద్యుడు బెర్గ్‌మన్ అది క్యాన్సరేనని అనుమానించి, మెడను బయటినుండి తెరచి కంతిని తీసివేయాలని సలహా ఇచ్చాడు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. యువరాజుకు ముందుగా తెలుపకుండానే మత్తు ఇచ్చి శస్త్రచికిత్స జరపాలని డాక్టర్లు నిశ్చయించారనీ, ఆయన సమ్మతి లేనిదే అది కూడదని తాను అడ్డు చెప్పాననీ, చక్రవర్తి కూడ దానిని నిషేధించాడనీ ప్రధానమంత్రి బిస్మార్క్ తన జ్ఞాపకాలలో వ్రాశాడు. కాబోయే చక్రవర్తి విషయంలోనే వైద్యులు ఇలా తలపెట్టగలిగితే సామాన్యుని మాట ఎంతవరకు సాగేదో ఊహించవచ్చును.

మే నెలలో లండను నుండి సర్ మోరెల్ మెకన్‌జీ అనే ప్రసిద్ధ కంఠవైద్యుడిని పిలిపించారు. అప్పటికింకా ఆయనకు సర్ బిరుదు రాలేదు. సూక్ష్మదర్శినితో పరీక్షించి క్యాన్సరు అని తేల్చనిదే కోత పెట్టరాదని ఆయన వాదించాడు. నోటి గుండా చిన్న ముక్కను తీసి, ఆనాటి రోగనిర్ణయ శాస్త్రానికి పెద్ద దిక్కైన రుడోల్ఫ్ విర్షోకు పంపాడు. ఆ ముక్కలో క్యాన్సరు లక్షణాలు లేవని విర్షో చెప్పాడు. తరువాత పంపిన ముక్కలలోనూ క్యాన్సరు బయటపడలేదు. శస్త్రచికిత్స ఆగిపోయినది.

నేడు బయాప్సీ అని పిలిచే ఈ పరీక్ష చరిత్రలో ఇది పెద్ద పాఠం. ముక్క తీసి పరీక్షించాలన్న పద్ధతి సరియైనదే. కాని తీసిన ముక్కలో క్యాన్సరు లేనంతమాత్రాన, తీయకుండా మిగిలినదానిలో కూడ లేదని అర్థం కాదు. ఒక గింజ పట్టి చూచి బస్తా అంతటికీ తీర్పు చెప్పడం వంటిది అది.

నవంబరులో ఇటలీ తీరాన సాన్ రెమోలో ఉండగా కొత్త కంతి కనిపించినది. ఇప్పుడు డాక్టర్లందరూ అది క్యాన్సరేనని ఏకీభవించారు. ఈసారి యువరాజు ముందు నిజాన్ని ఉంచారు. రెండు దారులూ చూపారు. మొదటిది స్వరపేటికను పూర్తిగా తీసివేయడం. రెండవది వ్యాధిని ముట్టకుండా ఉంచి, ఊపిరి ఆడనప్పుడు మాత్రం వాయునాళానికి రంధ్రం చేసి ఉపశమనం కల్పించడం. స్వరపేటికను తీసివేయడానికి ఫ్రెడరిక్ ఒప్పుకోలేదు. 1888 ఫిబ్రవరి 9న ఊపిరి ఇబ్బంది కాగా వాయునాళానికి రంధ్రం చేశారు. సరిగా నెల తరువాత, మార్చి 9న తండ్రి మరణించాడు. మాట లేని ఫ్రెడరిక్ చక్రవర్తి అయినాడు. కాగితపు ముక్కల మీద వ్రాసి తన అభిప్రాయాలు తెలుపుతూ 99 దినాలు ఏలి, జూన్ 15న కన్నుమూశాడు. శవపరీక్షలో క్యాన్సరు రుజువైనది.

ఆ తరువాత జర్మను డాక్టర్లు ఒక నివేదికను, మెకన్‌జీ దానికి బదులుగా ఒక పుస్తకాన్ని ప్రకటించారు. తప్పు ఎవరిది అనే తగాదా ఏండ్ల తరబడి సాగినది. మేలో కోసి ఉంటే ఆయన బ్రతికేవాడా, శస్త్రచికిత్సలోనే పోయేవాడా అని వాదించుకొన్నారు. ఆ తగాదాలో మరుగున పడిన విషయం నవంబరు నాటి నిర్ణయం. వ్యాధి సంగతి తెలిసి, దారులు తెలిసి, ఫలితం తెలిసి రోగి తానుగా ఒకదానిని ఎన్నుకొన్నాడు. ఆ నిర్ణయం వివేకమైనదా కాదా అని చరిత్రకారులు తర్కించవచ్చును. అది ఆయనది అనడంలో మాత్రం సందేహం లేదు.

రెండవ దారి తెరచుకొనుట

ఫ్రెడరిక్ ముందున్న రెండు దారులలో ఒకటి మాత్రమే వ్యాధిని కుదర్చడానికి ఉద్దేశించినది. నయం చేసే దారి ఒక్కటే ఉన్నప్పుడు ఎన్నిక అనే మాటకు బలం తక్కువ. 1895లో రంట్‌జెన్ ఎక్స్-కిరణాలను, 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొన్న తరువాత ఈ స్థితి మారినది. పారిస్‌లో హెన్రీ కూటార్డ్ 1920ల్లో ఒక కొత్త పద్ధతిని అభివృద్ధి చేశాడు. కిరణాలను ఒక్కసారిగా పెద్ద మోతాదులో ఇవ్వక, చిన్న చిన్న మోతాదులుగా విభజించి అనేక దినాలపాటు ఇచ్చాడు. ఆరోగ్యంగా ఉన్న కణాలు ఈ వ్యవధిలో కొంత కోలుకొంటాయి. క్యాన్సరు కణాలు అంతగా కోలుకోలేవు. ఈ పద్ధతితో స్వరపేటికను తీయకుండానే కొందరు రోగులకు వ్యాధి నయమైనది. నేటికిని కిరణచికిత్స మూలసూత్రం ఇదే.

ఇప్పుడు నయం చేసే దారులు రెండైనవి. కత్తి వల్ల ఎక్కువమంది బ్రతకవచ్చును, మాట పోతుంది. కిరణాల వల్ల మాట నిలువవచ్చును. కాని ముదిరిన వ్యాధిలో అవి ఒక్కటే చాలకపోవచ్చును. ఎన్నిక అవసరం నిజంగా పుట్టినది ఇక్కడనే. కాని ఎన్నుకోవలెనంటే ముందు రోగికి తన జబ్బు ఏమిటో తెలియవలె కదా!

చెప్పవలెనా, దాచవలెనా?

రోగికి క్యాన్సరు సంగతి చెప్పరాదు అనేది చిరకాలం వైద్యులు పాటించిన నియమం. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ మనస్తత్వశాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితంలో ఉన్నది. 1923 ఏప్రిల్‌లో ఆయన నోటిలో, పై దవడ ప్రాంతంలో పెరిగిన కంతిని వియన్నాలో తీసివేశారు. అది క్యాన్సరని ఆయన డాక్టరు ఫెలిక్స్ డాయిచ్‌కు అనుమానం ఉన్నది. అయినా చుట్టలు తాగడం వల్ల ఏర్పడిన తెల్లమచ్చ అని చెప్పి ఊరుకొన్నాడు. ఫ్రాయిడ్ స్వయంగా డాక్టరు; మనిషి తన మనస్సునుండి తానే దాచుకొనే నిజాలను వెలికి తీయడం జీవితకార్యంగా పెట్టుకొన్నవాడు. అటువంటివాని దగ్గరనే నిజం దాచారు. సంగతి తెలిసినప్పుడు ఆయన ఆగ్రహించాడు. తనకు బదులుగా ఇతరులు నిర్ణయించడాన్ని ఆయన సహించలేదు.

అక్టోబరులో హాన్స్ పిష్లర్ అనే శస్త్రవైద్యుడు పై దవడలో పెద్ద భాగాన్ని తీసివేశాడు. నోటినీ ముక్కునూ వేరుచేయడానికి ఒక కృత్రిమ తొడుగును అమర్చవలసివచ్చినది. దానితో తినడం, మాట్లాడడం రెండూ కష్టమైనవి. అయినా ఫ్రాయిడ్ మరి 16 ఏండ్లు జీవించాడు; ఆ కాలంలో ముప్పయికి పైగా శస్త్రచికిత్సలు చేయించుకొన్నాడు. 1929లో మాక్స్ షూర్ అనే యువవైద్యుడిని తన డాక్టరుగా నియమించుకొనేటప్పుడు ఒక షరతు పెట్టాడు: ఎప్పుడూ తనతో నిజమే చెప్పవలె. షూర్ ఆ మాట నిలుపుకొన్నాడు. ఆలోచన మసకబారుతుందని ఫ్రాయిడ్ బలమైన నొప్పి మందులను చాలాకాలం దూరంగా ఉంచాడు. చుట్టలు మానమని డాక్టర్లు చెప్పినా సరిగా మానలేదు. మొదటి నిర్ణయాన్ని మెచ్చుకొని, రెండవదానిని తప్పుపట్టవచ్చును. నిజం తెలిసినంతమాత్రాన మనిషి ప్రతి నిర్ణయమూ మంచిగానే చేస్తాడని అనుకోరాదు. నిజం తెలియనివాడు మాత్రం ఏ నిర్ణయమూ చేయలేడు.

డాయిచ్ ఒక్కడే తప్పు చేశాడనుకోవడం అన్యాయం. అది ఆ కాలపు ఆచారం. 1961లో డొనాల్డ్ ఓకెన్ అమెరికాలో ఒక ఆసుపత్రి డాక్టర్లను ప్రశ్నించగా, సుమారు 90 శాతం మంది రోగికి క్యాన్సరని చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. అవే ప్రశ్నలను 1979లో మరొకచోట అడగగా 97 శాతం మంది చెప్పడానికే మొగ్గు చూపారు. పద్దెనిమిది ఏండ్లలో ఇంత తారుమారు వైద్య చరిత్రలో అరుదు. చికిత్సలు మెరుగుపడి, క్యాన్సరు అనే మాట మరణశిక్ష వంటిది కాకపోవడం దీనికి ఒక కారణం. న్యాయస్థానాలు మరొక కారణం.

న్యాయస్థానం చెప్పిన మాట

1914లో న్యూయార్కులో ఒక స్త్రీ వ్యాజ్యం విచారణకు వచ్చినది. మత్తులో పరీక్ష చేయడానికే తాను ఒప్పుకొన్నాననీ, డాక్టరు కంతిని కూడ తీసివేశాడనీ ఆమె ఫిర్యాదు. ఆసుపత్రికి బాధ్యత లేదని తీర్పు వచ్చినా, న్యాయమూర్తి కార్డోజో అందులో ఒక సూత్రాన్ని చెప్పాడు: బుద్ధి స్థిమితంగా ఉన్న ప్రతి వయోజనుడికి తన దేహానికి ఏమి జరగవలెనో నిర్ణయించుకొనే హక్కు ఉన్నది. 1957లో కాలిఫోర్నియా న్యాయస్థానం మరొక అడుగు ముందుకు వేసినది. ఊరక తల ఊపితే చాలదు. చికిత్సలోని ప్రమాదాలు తెలిసి ఇచ్చిన సమ్మతియే సమ్మతి అని నిర్ణయించినది.

అగ్నిమాపకులు, అధికారులు

హక్కు ఏర్పడినది. మనుష్యులు నిజంగా ఏమి కోరుకొంటారు అనే ప్రశ్న మిగిలినది. 1981లో బార్బరా మెక్‌నీల్, ఇద్దరు సహచరులు దీనిని లెక్కలోకి తేవడానికి ప్రయత్నించారు. ఆరోగ్యంగా ఉన్న 37 మందిని ఎన్నుకొన్నారు. వారిలో మంటలార్పే సిబ్బంది, వ్యాపార సంస్థల అధికారులు ఉన్నారు. ముదిరిన స్వరపేటిక క్యాన్సరు వచ్చినదని ఊహించుకోండి; శస్త్రచికిత్సతో బ్రతికే అవకాశం ఎక్కువ, మాట పోతుంది; కిరణాలతో అవకాశం తక్కువ, మాట నిలుస్తుంది; ఏది కోరుకొంటారు అని అడిగారు. సుమారు 20 శాతం మంది బ్రతికే అవకాశం తగ్గినా సరే, కిరణచికిత్సనే ఎన్నుకొన్నారు.

అడిగినవారు 37 మందే కనుక ఈ 20 శాతాన్ని అందరికీ అన్వయించరాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఊహించి చెప్పే జవాబు, జబ్బుపడిన తరువాత చెప్పే జవాబు ఒకటి కాకపోవచ్చును. అయినా ఈ పరిశోధన ఒక విషయాన్ని స్పష్టం చేసినది. ఎక్కువకాలం బ్రతికించే చికిత్సయే అందరికీ మంచి చికిత్స అని డాక్టరు తనంతట తాను అనుకోరాదు. ఐదుగురిలో నలుగురు ఆయనతో ఏకీభవించవచ్చును. ఎదుట కూర్చున్న రోగి ఆ ఐదవవాడు కావచ్చును. అడగనిదే తెలియదు.

మూడవ దారి

పదేండ్ల తరువాత త్రాసు పళ్ళాలే మారిపోయినవి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో 332 మంది రోగుల మీద జరిపిన పరిశోధన ఫలితాలు 1991లో వెలువడినవి. అందరిదీ ముదిరిన స్వరపేటిక క్యాన్సరే. సగం మందికి పాత పద్ధతిలో శస్త్రచికిత్స, తరువాత కిరణాలు. మిగిలిన సగం మందికి ముందు సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ అనే మందులు, కంతి తగ్గినవారికి తరువాత కిరణాలు, తగ్గనివారికి శస్త్రచికిత్స. రెండేండ్లు గడిచేసరికి రెండు గుంపులలోను 68 శాతం మంది బ్రతికి ఉన్నారు. మందులతో మొదలుపెట్టిన గుంపులో 64 శాతం మందికి స్వరపేటిక నిలిచినది.

ఆ తరువాత 547 మందితో జరిగిన మరొక పరిశోధన 2003లో ప్రకటితమైనది. రెండేండ్లకు స్వరపేటిక నిలిచినవారు కిరణాలు మాత్రమే ఇచ్చిన గుంపులో 70 శాతం, ముందు మందులు తరువాత కిరణాలు ఇచ్చిన గుంపులో 75 శాతం, రెండూ కలిపి ఇచ్చిన గుంపులో 88 శాతం.

ఈ అంకెలు చూచి ఇక చిక్కు తీరిపోయినదని అనుకోరాదు. స్వరపేటిక నిలవడం వేరు, అది పని చేయడం వేరు. బలమైన కిరణాలు, మందులు కలిసినప్పుడు గొంతు కండరాలు బిగిసిపోవచ్చును. మింగడం కష్టమై, కొందరికి కడుపులోకి గొట్టం ద్వారా ఆహారం ఇవ్వవలసి వస్తుంది. నోరు ఎండిపోతుంది. కాపలాగది సరిగా మూతపడక ఆహారం ఊపిరితిత్తులలోకి జారవచ్చును. అప్పటికే దెబ్బతిని పనిచేయని స్వరపేటికను నిలుపుకోవడం కంటె తీసివేయడమే కొందరికి మేలు. మరొకవైపు, స్వరపేటిక పోయినవారికి మాట పూర్తిగా పోవలసిన పని లేదు. అన్నవాహికలోకి గాలి మింగి దానితో పలకడం సాధన చేయవచ్చును. మెడకు ఆనించే విద్యుత్ సాధనం ఉన్నది. వాయునాళానికీ అన్నవాహికకూ నడుమ అమర్చే చిన్న కవాటం సింగర్, బ్లోమ్ అనే ఇద్దరి కృషి వల్ల 1980లో వెలుగులోకి వచ్చినది. బెంగుళూరు వైద్యుడు విశాల్ రావు, ఆయన సహచరులు ఇటువంటి కవాటాన్నే సుమారు 50 రూపాయల ఖర్చుతో తయారుచేసి, దానికి ఓం అని పేరు పెట్టారు. ధర తగ్గడం కూడ ఎన్నికను విశాలం చేయడమే. కొనలేని మాట ఎన్నుకోదగినది కాదు కదా!

అంకెలు చెప్పేది, చెప్పలేనిది

తల, మెడ భాగాల క్యాన్సరు మన దేశానికి దూరపు సంగతి కాదు. పొగాకు నమలడం, వక్క, చుట్ట, బీడీ, సారా దీనికి ముఖ్య కారణాలు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో అడ్డపొగ అనే అలవాటు ఉన్నది. చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకొని తాగడం ఇది. ముఖ్యంగా స్త్రీలలో కనిపించేది. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన వివరాలు 1971లో అచ్చయినవి. ఆ వేడికి అంగిలిలో కలిగే మార్పులను ఆ పరిశోధన ప్రపంచానికి తెలిపినది.

అన్ని నిర్ణయాలను రోగి ఇష్టానికే వదలవలెనా అంటే, దానికి ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి ఒక జవాబు ఇచ్చినది. నోటి క్యాన్సరు తొలిదశలో, మెడలో గడ్డలు పైకి కనిపించనప్పుడు, మెడలోని శోషరస గ్రంథులను ముందుగానే తీసివేయవలెనా, గడ్డ కనిపించేవరకు ఆగవలెనా అనే వివాదం చాలాకాలంగా ఉండేది. డిక్రూజ్, ఆయన సహచరులు 500 మంది రోగుల ఫలితాలను 2015లో ప్రకటించారు. మూడేండ్లకు జీవించి ఉన్నవారు ముందుగా తీసినవారిలో 80 శాతం, ఆగినవారిలో 67.5 శాతం. ఇక్కడ త్రాసు ఒకవైపు మొగ్గినది. ఇటువంటి చోట డాక్టరు రెండూ సమానమే, మీ ఇష్టం అని ఊరుకొంటే అది రోగిని గౌరవించడం కాదు, తన బాధ్యతను అతని నెత్తిన వేయడం. అంకెలు మొగ్గిన చోట గట్టిగా సలహా చెప్పవలె. 1991 నాటి ఫలితాలవలె అంకెలు సమానమైన చోట రోగి జీవితం ఏమిటో అడిగి తెలుసుకోవలె.

జీవితాలు ఒక్కతీరుగా ఉండవు. బడిపంతులుకు గొంతే జీవనోపాధి. చెరువులలో వలలు వేసే బెస్తవానికి మెడలో రంధ్రం ఉండడమంటే వృత్తి మానుకోవడమే. కిరణచికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. నగరంలో ఇల్లున్నవానికి అది ఇబ్బంది మాత్రమే. మారుమూల పల్లెలో ఉన్న వ్యవసాయ కూలీకి అది రెండు నెలల కూలి, సత్రంలో బస, తోడు వచ్చినవారి కూలి కూడ. ఆ చికిత్స నడుమ ఆగిపోతే ఫలితం దెబ్బతింటుంది. ఈ బరువులను ఏ పరిశోధనా పత్రమూ తూచి ఇవ్వలేదు.

ఎవరి సమ్మతి?

మన ఇండ్లలో నిర్ణయం తరచుగా కుటుంబమంతటిది. పెద్దాయనకు చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేడు అని కొడుకులు గదిబయట బ్రతిమాలుకోవడం మన ఆసుపత్రులలో అపూర్వం కాదు. అది ప్రేమతో చేసే పనియే. ఖర్చు భరించేది, కంటికి రెప్పవలె చూచుకొనేది కుటుంబమే కనుక దాని మాటకు విలువ ఉన్నది. కాని దాచిన నిజం చాలాకాలం దాగదు. క్యాన్సరు ఆసుపత్రి బోర్డును పెద్దాయన కూడ చదవగలడు. అప్పుడు ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతిని ఆయన ఒక్కడే తెలియనట్లు నటించవలసి వస్తుంది. తన పొలం, అప్పు, పిల్ల పెండ్లి గురించి చెప్పవలసిన మాటలు చెప్పకుండానే మిగిలిపోతాయి.

చట్టం దీనిని గురించి స్పష్టంగానే పలికినది. 2008 జనవరి 16న భారత సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ వ్యాజ్యంలో తీర్పు ఇచ్చినది. అది క్యాన్సరు వ్యాజ్యం కాదు. అయినా అందులోని సూత్రం అన్ని చికిత్సలకూ వర్తిస్తుంది. పరీక్ష కోసం మత్తులో ఉన్న రోగికి, బయట ఉన్న తల్లి సమ్మతి తీసుకొని పెద్ద శస్త్రచికిత్స చేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, వయస్సు వచ్చిన రోగి మేలుకొని తానే చెప్పగలిగినప్పుడు, కన్నతల్లి సమ్మతి కూడ చాలదని న్యాయస్థానం నిర్ణయించినది. చికిత్స స్వరూపం, దానివల్ల మేలు, ప్రమాదం, దానికి బదులుగా ఉన్న దారులు – ఇవి రోగికి తగినంతగా తెలుపవలెనని కూడ చెప్పినది. 1887లో బెర్లినులో పుట్టిన ప్రశ్నకు ఢిల్లీలో దొరికిన జవాబు ఇది.

అయితే సంతకం చేసిన కాగితం సమ్మతికి గుర్తు మాత్రమే. అసలు సమ్మతి అంతకుముందు జరిగే సంభాషణలో ఉన్నది. రోగి గాని, అతని వెంట వచ్చిన చదువుకొన్న బంధువు గాని అడగవలసిన ప్రశ్నలు కొన్నే: వ్యాధి ఏ దశలో ఉన్నది? ముక్క పరీక్షలో ఏమి తేలినది? ఎన్ని దారులు ఉన్నవి? ఒక్కొక్కదానివల్ల మాటకు, మింగుడుకు, ఊపిరికి ఏమవుతుంది? మొదటిది ఫలించకపోతే తరువాత ఏమి చేయవచ్చును? ఎన్ని రోజులలోగా నిర్ణయం చెప్పవలె? శస్త్రవైద్యుడిని, కిరణచికిత్సకుడిని ఇద్దరినీ అడగడం మంచిది. ఒకరి మీద నమ్మకం లేక కాదు. ఎవరి పనిముట్టు వారికి దగ్గరగా కనిపించడం సహజం.

ఈ చరిత్ర అంతటిలోను ఎన్నికను కుదించిన బలమైన శత్రువు ఆలస్యం. ముదిరిన వ్యాధిలోనే కంఠమా, ప్రాణమా అనే ప్రశ్న పుడుతుంది. స్వరతంత్రి మీద చిన్న మచ్చగా ఉన్నప్పుడే గుర్తిస్తే, లేజరు కిరణంతో తీసినా, కిరణచికిత్స చేసినా చాలామందికి నయమవుతుంది. మాట కూడ నిలుస్తుంది. స్వరతంత్రుల క్యాన్సరు మొదటి లక్షణం చాలాసార్లు బొంగురు గొంతే. మూడు వారాలు దాటినా తగ్గని బొంగురుతనం, మానని నోటిపుండు, మెడలో గడ్డ, మింగుటలో నొప్పి ఉన్నవారు కంఠవైద్యునికి చూపించుకోవలె. పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయినదని ఉపాధ్యాయులు సరిపెట్టుకోవడం కద్దు. చాలాసార్లు అది నిజమే. నిజమో కాదో తేల్చడానికి గార్షియా నాటి అద్దం వంటి పరీక్ష కొన్ని నిమిషాలలో ముగుస్తుంది.